ఖిల్లాకు తొవ్వ

"తలుపు తీయొద్దు. నా మాట వినండి, తీయొద్దు."

లక్ష్మీప్రసన్న తలుపుకి వీపు ఆనించి నిలబడింది. మహేంద్ర ఆమెకు రెండడుగుల దూరంలో ఆగిపోయాడు.

బయట వరండా మెట్ల మీద కమల పొద్దున ఎనిమిదింటినుంచి కూర్చునే ఉంది. ఇప్పుడు పదకొండు కావస్తోంది. ఆమె పిలవలేదు, తలుపు కొట్టలేదు, ఏడవలేదు. ఒళ్లో చేతిసంచి పెట్టుకుని గేటు వైపు చూస్తూ కూర్చుంది. పోతిరెడ్డిపల్లిలో ఆ సందున పోయేవాళ్లందరికీ ఆమె తెలుసు. సంగారెడ్డి బజార్లో పప్పుల దుకాణం నడిపే కాశీనాథ్ భార్య. నలభై మూడు రోజుల కిందట నల్లగుట్ట ఖిల్లా బురుజు మీదినుంచి పడి చనిపోయిన ఏడో తరగతి పిల్ల, ప్రియ తల్లి.

ఆ రోజు బడి పిల్లల్ని ఖిల్లా చూపించడానికి తీసుకెళ్లిన సోషల్ సారు మహేంద్రే.

"మూడు గంటల్నుంచీ కూర్చునుంది ప్రసన్నా. ఎండ మెట్ల మీదికొచ్చింది."

"రానివ్వండి. లాయరుగారు ఏం చెప్పారు? ఆ పిల్ల తాలూకు వాళ్లతో ఒక్క ముక్క మాట్లాడినా కేసు మెడకి చుట్టుకుంటుందన్నారా లేదా?"

"మాట్లాడను. మంచినీళ్లిచ్చి వస్తాను."

"నీళ్లిస్తే కూర్చోబెడతారు. కూర్చోబెడితే ఆవిడ అడుగుతుంది. అడిగితే మీరు..."

ఆమె ఆగిపోయింది.

"నేను?"

లక్ష్మీప్రసన్న మొహం తిప్పుకుంది.

కిటికీ పక్క కుర్చీలోంచి సత్తిబాబు గొంతు సవరించుకున్నాడు. మహేంద్ర తండ్రి. రాజమండ్రి దగ్గర పల్లెనుంచి ఉద్యోగానికొచ్చి ముప్పై రెండేళ్లు ఇక్కడి ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి, ఈ ఇల్లు కట్టుకుని రిటైరైనవాడు.

"అమ్మాయి చెప్పింది సబబేరా. నా సర్వీసులో ఎన్ని యాక్సిడెంట్లు చూశాను! చెయ్యి తెగినవాడు ఏం చెప్పాడని ఎవడూ అడగడు. కాగితం మీద ఏం రాశారు, కింద ఎవడు సంతకం పెట్టాడు, అంతే. నువ్వు సంతకం పెట్టేశావు. ఇంక నోరు మూసుకో."

ఆ కాగితం బడివాళ్లు రాసింది. 'విద్యార్థిని ఉపాధ్యాయుని హెచ్చరికను లెక్కచేయక, ఆయన చూడని సమయంలో బురుజుపైకి ఎక్కి ప్రమాదానికి గురైనది.' మహేంద్ర సంతకంతో సహా దాన్ని ఎవరో ఫోటో తీశారు. రెండు రోజుల్లో అది తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులన్నింట్లో తిరిగింది. చెప్పినా వినని పిల్లట, పాపం, అని ఊరంతా అనుకుంది.

బయటినుంచి గొంతు వినిపించింది. పెద్దగా కాదు, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టే.

"అమ్మా, నేను లొల్లి వెట్టనీకి రాలే. సారును తొవ్వ అడుగుదామని వచ్చిన."

లోపల ముగ్గురూ తలుపు వైపు తిరిగారు.

"ఏ దారి?" అన్నాడు మహేంద్ర, తలుపుకి ఇవతలినుంచే.

"ఖిల్లాకు."

సత్తిబాబు కిటికీ తెర జరిపి చూశాడు. ఎదురింటి మేడ మీద ఒకావిడ ఫోను ఎత్తి పట్టుకుని ఉంది. కింద ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. ఆయన తెర వదిలేశాడు.

"లోపలికి రానివ్వమ్మా. బయట ఉంటేనే ఎక్కువ ఊరేగింపు" అన్నాడు కోడలితో. "ఒరే, దారి అడిగింది. దారి చెప్పి పంపెయ్. అంతకు మించి ఒక్క మాట వద్దు."

*

కమల కుర్చీ అంచున కూర్చుంది. లక్ష్మీప్రసన్న ఇచ్చిన గ్లాసెడు నీళ్లు ఆపకుండా తాగింది. మూతి తుడుచుకుని సంచిలోంచి ఒక మడత కాగితం తీసింది. దానిమీద వంకరటింకర అక్షరాలతో ఏవో రాసుకుని ఉంది.

"యాదికి ఉండవని రాసుకున్న సార్. బేస్తారం పోదమనుకుంటున్న. బేస్తారం మా ఆయన సరుకుకని జోగిపేట పోతడు. పొద్దుమూకేదాక రాడు. ఆయనకు చెప్పలే."

"గురువారమా? ఆయనకెందుకు చెప్పలేదమ్మా?"

"వద్దంటడు. ఆ రాళ్లల్ల ఏమున్నది సూడనీకి అంటడు. పదకొండో దినమే దాని బట్టలు, పుస్తకాలు అన్నీ కట్టి ఎవరికో ఇచ్చేసిండు. దాని పేరు ఎత్తనియ్యడు." ఆమె కాగితం మోకాలి మీద సాపు చేసింది. "బస్సు ఏడికి ఎక్కాలె సార్?"

"హత్నూర బస్సు. కొత్త బస్టాండులో ఏడింటికి ఒకటుంది. హత్నూరలో దిగితే ఆటోలుంటాయి. ఖిల్లా అంటే గుట్ట కింద దించుతారు."

"గుట్ట ఎక్కనీకి ఎంతసేపు?"

"పిల్లలకైతే అరగంట. మీకు..."

"నాకు మోకాలు నొప్పి. గంట వెట్టుకుంట. పైన నీళ్లు దొరుకుతయా?"

"దొరకవు. పట్టుకెళ్లాలి."

ఆమె కాగితం మీద వేలితో ఒక్కొక్క వరసా జరుపుకుంటూ వెళ్లింది. ఆ రోజు ఎన్నింటికి ఎక్కారు? ఏ వైపునుంచి ఎక్కారు? ఎక్కడ కూర్చోబెట్టారు? ఆమెకు అదే వేళకి, అదే వరసలో నడవాలని ఉంది. మహేంద్ర జవాబులు చెబుతూనే ఉన్నాడు. ఒక్కొక్క జవాబుకీ గొంతు తగ్గుతోంది.

"పిల్లలు ఏడ తిన్నరు సార్?"

"కోట లోపల పాత ధాన్యపుకొట్టు ఉంది. పైకప్పు సగం కూలింది. ఆ నీడలో."

"ఆ దినం నేను పులిహోర కట్టిచ్చిన. డబ్బా మల్ల ఇంటికొచ్చింది, బడి సంచితోని. ఖాళీగ ఉండె. తిన్నదో, పారేసిండ్రో ఎవర్ని అడగాలె?"

"తింది" అన్నాడు మహేంద్ర. "నాకూ పెట్టింది. పల్లీలు ఏరి మరీ పక్కన పెట్టింది."

"అవ్. దానికి పల్లీలు వడవు."

కమల మొహంలో ఏదో వెలిగినట్టయి వెంటనే ఆరిపోయింది. లక్ష్మీప్రసన్న గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్కడ పని ఏమీ లేదు. పొయ్యి గట్టు పట్టుకుని నిలబడింది.

"సార్, జెర గీసియ్యుండ్రి. నేను ఒక్కదాన్ని పోతున్న గద, ఆడ ఎవర్ని అడిగినా ఒకరు ఒక తీరు చెప్తరు. పోలీసోల్లు ఫోటోలు తీసిండ్రంట గని మాకు సూపియ్యలే. ఏ రాయి కాడనో నాకు ఇప్పటిదాక ఎర్క లేదు. మీరు బోర్డు మీద మస్తు గీస్తరంట. మా ప్రియ చెప్పేది."

మహేంద్ర తండ్రి వైపు చూడలేదు. గోడకున్న క్యాలెండర్లో అయిపోయిన నెల చింపి, వెనకవైపు తిప్పి బల్ల మీద పరిచాడు.

ముందు గుట్ట గీశాడు. దాని చుట్టూ బాట. విరిగిన దర్వాజా. లోపలికి వెళ్లగానే ఎడమ చేతికి ఎండిపోయిన బావి. తర్వాత రెండో గోడ. దాని వెనక ధాన్యపుకొట్టు. గీస్తున్న కొద్దీ అతని చెయ్యి తేలికపడింది. "ఇక్కడ దర్వాజా చూడండి, తిన్నగా లేదు, మలుపు తిరిగి ఉంది. ఏనుగుల్ని ఉరికించి తలుపులు బద్దలు కొట్టకుండా ఇలా కట్టేవాళ్లు" అన్నాడు. తరగతిలో చెబుతున్నట్టే అన్నాడు. కమల తలకాయ ఊపుతూ వింటోంది. ఒక నిమిషం ఆ గదిలో చావు లేనట్టే ఉంది.

ధాన్యపుకొట్టు వెనక గుండ్రంగా ఒక గీత గీసి ఆగాడు.

"గిదేనా?"

"ఇదే. బురుజు."

"ఎక్కనీకి మెట్లు ఎటున్నయి?"

"ఈ పక్క. పదిహేడు మెట్లు."

"ఇంకోదిక్కునుంచి ఎక్కరాదా?"

"రాదు. మిగతా అంతా కూలిపోయింది. ఇదొక్కటే."

"మీరేడున్నరు సార్, అప్పుడు?"

"మహేంద్రా!" అన్నాడు సత్తిబాబు.

పెన్ను కాగితం మీద ఆగింది. బయట రోడ్డు మీద కంది ఊరివైపు పోయే ట్యాంకరు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

మహేంద్ర చుక్క పెట్టాడు. మొదటి మెట్టు మీద. "ఇక్కడ కూర్చున్నాను" అన్నాడు.

కమల ఆ చుక్క వైపు చాలాసేపు చూసింది. తర్వాత వేలు దానిమీద ఆనించింది.

"ఈ మెట్లు ఎంత ఎడల్పుంటయి?"

"ఒక మనిషి పట్టేంత."

"మరి మీరు గీడ కూసుంటె, నా బిడ్డ ఎట్ల ఎక్కింది సార్? మిమ్ముల దుంకి పోయిందా?"

అతను తలెత్తలేదు.

"చెప్పుండ్రి. మీరు సూడనప్పుడు పోయిందని రాసిండ్రు గద. ఒక్క మనిషి వట్టే మెట్టు మీద మీరే కూసున్నరాయె. మీకు కనవడకుంట ఎట్ల పోయింది?"

"మహేంద్రా, లే. లోపలికి పో" సత్తిబాబు కుర్చీలోంచి లేచాడు. "అమ్మా, నువ్వు దారి అడిగావు, వాడు చెప్పాడు. ఇంక బయల్దేరు తల్లీ. నీకు దణ్ణం పెడతాను."

"నాన్నా, ఆగండి."

"ఒరే, నీకు తెలీదు. ఈ ఒక్క మాటతో..."

"నలభై మూడు రోజులు ఆగాను నాన్నా. ఇంక నా వల్ల కాదు." మహేంద్ర పెన్ను కింద పెట్టాడు. కమల మొహంలోకి చూడబోయాడు, చూడలేక ఆమె వేలి వైపే చూస్తూ చెప్పాడు. "దూకి పోలేదమ్మా. అడిగింది. పైనుంచి మీరు చెప్పిన మూడో గోడ కనపడుతుందేమో చూసొస్తా సార్, పోవాలా, అంది. నేను పక్కకి జరిగి దారిచ్చాను. పో అన్నాను."

సత్తిబాబు మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

కమల ఏడుస్తుందని మహేంద్ర ఎదురుచూశాడు. తిడుతుందని, మీద పడుతుందని ఎదురుచూశాడు. ఆమె ఏమీ చెయ్యలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"అడిగి పోయింది" అంది. మళ్లీ అంది, "అడిగే పోయింది."

*

గేటు బయట బండి ఆగింది. కాశీనాథ్ లోపలికొచ్చాడు. సందులో ఎవరో దుకాణానికి ఫోన్ చేసి ఉంటారు. చొక్కా భుజాల మీద పప్పుపొడి తెల్లగా అంటుకుని ఉంది, దులుపుకోకుండానే వచ్చాడు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి అని బజార్లో పేరు.

"పా కమలా. ఇంటికి పోదం."

"ఇన్నరా? అడిగి పోయిందట. మెట్టు మీద కూసున్న సారే జరిగి పొమ్మన్నడట."

"సరె. పా."

"సరె అంటరేంది? మన పిల్ల మాట ఇనక పోలే! పది మందిల దాన్ని మొండిపిల్ల అన్నరు మీరు! మా అన్నదమ్ముల ముంగట అన్నరు!"

కాశీనాథ్ మహేంద్ర వైపు తిరిగాడు. కళ్లల్లో కోపం లేదు. అలసట ఉంది.

"సార్, మీకు దండం. ఆమె నిద్రవోక నెల దాటింది. రోజొక తీరు మాట్లాడుతున్నది. ఇంటిముంగట కూసున్నదని మీరు జాలివడి ఏదో చెప్పిండ్రు. గట్ల చెప్పకుండ్రి. తల్లి పాణం సల్లవడాలని అబద్ధం చెప్తె, రేపు మల్లొకటి అడుగుతది."

"అబద్ధం కాదు కాశీనాథ్ గారూ."

"కాగితంల ఒకటి రాస్తిరి. ఇయ్యాల ఒకటి అంటుండ్రి. ఏది నమ్మాలె? మీరు తప్ప ఆడ ఎవరున్నరు ఇన్నోల్లు?"

"నేను విన్నాను."

వంటింటి గుమ్మంలో లక్ష్మీప్రసన్న నిలబడి ఉంది. సత్తిబాబు మొహం మీంచి చేతులు తీసి కోడలి వైపు చూశాడు.

"ఆ రోజు గ్యాసువాడు బండ తెచ్చాడు. నంబరు చెబితేగానీ ఇవ్వనన్నాడు. ఆ నంబరు ఈయన ఫోనుకొస్తుంది. నేను ఫోన్ చేశాను. త్వరగా చెప్పండి, వాడు వెళ్లిపోతానంటున్నాడు అని తొందర పెట్టాను." ఆమె ఆగి గాలి పీల్చుకుంది. "ఫోన్లో ఆ పిల్ల గొంతు వినపడింది. పోవాలా సార్, అంది. ఈయన పో అన్నారు. అని, నాకు నాలుగంకెలు చెప్పారు. వాడికి చెప్పాను. బండ లోపల పెట్టి వెళ్లిపోయాడు. అంతే."

ఆమె గుమ్మం దాటి ముందుకొచ్చింది.

"సాయంత్రం ఈయన ఇంటికొచ్చి నాతో నిజం చెప్పబోయారు. చెప్పనివ్వలేదు. ఆ కాగితం మీద సంతకం పెట్టమన్నదీ నేనే. మాకూ ఆడపిల్లుందండీ. ఈయన్ని లోపలేస్తే మేమేమైపోతామని..." ఆమె చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

కాశీనాథ్ నిలబడ్డచోటనుంచి రెండడుగులు వెనక్కి వేశాడు. గోడ తగిలింది. ఆ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి నేల మీద కూర్చున్నాడు. బజార్లో అందరూ సేటు అని పిలిచే మనిషి, కాళ్లు చాపుకుని పిల్లాడిలా కూర్చున్నాడు.

"నేను తిట్టిన సార్" అన్నాడు.

"దవాఖానల పండవెట్టిండ్రు. మీద బట్ట కప్పిండ్రు. అప్పటికే ఎవరో చెప్పిండ్రు, చెప్తె ఇనలే, ఎక్కింది అని. నేను బట్ట తీసి... తీసి... చెప్తె ఇనవా, నీకు ఎన్నిసార్లు చెప్పాలె అని తిట్టిన. అందరు ఇన్నరు. గదే ఆఖరి మాట నేను దానితోని మాట్లాడింది."

కమల లేచి అతని దగ్గరికి వెళ్లలేదు. బల్ల మీది కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంటోంది. మహేంద్ర ఆ నెమ్మదిని చూశాడు. వీళ్లిద్దరి మధ్య ఇంక ఎప్పటికీ ఎవరూ పూడ్చలేని గొయ్యి ఒకటి తవ్వి ఉందని, దాన్ని తవ్వింది తన సంతకమేనని అతనికి అర్థమైంది.

"నేను స్టేషనుకొచ్చి ఉన్నదున్నట్టు రాసిస్తాను" అన్నాడు. "ఇప్పుడే పోదాం."

"స్టేషన్ల ఎవరున్నరు సార్ నా బిడ్డను తిట్టినోల్లు? తిట్టినోన్ని నేను." కాశీనాథ్ గోడ పట్టుకుని లేచాడు. భార్య వైపు చూశాడు. "ఏ దినం పోదమనుకున్నవ్ ఖిల్లాకు?"

"బేస్తారం."

"జోగిపేట పోను. నేను గూడ వస్త." కాశీనాథ్ మహేంద్ర దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా మూరెడు దూరం లేదు. "మీరు గూడ రావాలె సార్."

"వస్తాను."

"మీరు కూసున్న మెట్టు మీద నేను కూసుంట. మీరొచ్చి నన్ను అడగాలె. పోవాలా, అని. నా బిడ్డ అడిగినట్టే అడగాలె."

"కాశీనాథ్ గారూ..." సత్తిబాబు కుర్చీలోంచి లేవబోయాడు.

"భయపడకుండ్రి పెద్దయ్యా. నేనేం జేయ. చెయ్యి గూడ ఎత్త." అతని గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "ఊకె కూసుంట. ఆయన అడిగినప్పుడు నా నోట్లకెల్లి ఏం మాట వస్తదో నాకే ఎర్క లేదు."

భార్యాభర్తలిద్దరూ బయటికి నడిచారు. కాశీనాథ్ బండి తీశాడు. కమల ఎక్కలేదు. సంచి ఛాతీకి హత్తుకుని సందు చివరిదాకా ఒక్కతే నడిచింది. అతను బండిని కాళ్లతో తోసుకుంటూ ఆమె వెనకే వెళ్లాడు.

లక్ష్మీప్రసన్న మొగుడి చెయ్యి పట్టుకుంది.

"వెళ్లొద్దు. రేపే లాయరు దగ్గరికి వెళ్దాం. ఏ శిక్ష పడితే అది పడనీండి. ఆ బురుజు మీదికి మాత్రం వద్దు. విన్నారా ఆయనేమన్నాడో?"

"విన్నాను."

"అడిగితే, ఆయన పో అంటే? అప్పుడేం చేస్తారు?"

మహేంద్ర మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. వెళ్లి కాళ్లు కడుక్కుని వచ్చి పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"అన్నం పెట్టు ప్రసన్నా. ఆకలేస్తోంది" అన్నాడు.

నలభై మూడు రోజుల్లో అతను నోరు తెరిచి అన్నం అడగడం అదే మొదలు. ఎప్పుడడుగుతాడా అని ఇన్నాళ్లూ ఎదురుచూసిన మనిషి, కంచం అందుకోబోయి, అతని మొహంలోని ప్రశాంతతే తన ప్రశ్నకి జవాబని గ్రహించి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.